బూట్లు దులిపిన పిల్ల

ఏమయ్యా, నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. మన మనవరాలు లతకు మిలిటరీలో కొలువు వచ్చింది. సైనికుల కోసం పాము విషానికి మందులు కనిపెట్టే పరిశోధన. వద్దని నీ తమ్ముడు పంచాయితీకి దిగాడు.

“ఆడపిల్లకు తుపాకీ ఎందుకు వదినె?”

“తుపాకీ ఎవడిచ్చిండు? అది మందు చేస్తది.”

“గా సూదులు దవాఖానల లేవా ఏంది?”

“ఉన్నయి. మీ అన్నను కరిచిన పాముకు గా సూది పనిచేసిందా?”

ఇవాళ పొద్దున బాన్సువాడ బస్సు దాకా లత పెట్టె నీ తమ్ముడే మోశాడు.

బయలుదేరే ముందు లత కొత్త బూట్లు బోర్లించి, అరుగుకేసి కొట్టి, లోపలికి తొంగిచూసి తొడుక్కుంది. పొలానికి వెళ్లేటప్పుడు నువ్వు నీ రబ్బరు బూట్లు అలాగే దులిపేవాడివి. దానికి నేనెన్నడూ చెప్పలేదయ్యా.