ముందు చక్రం చప్పుడు

అక్కా, ఇవాళ చెరువుల మీదికి బండి తీయకు. తాళాలు నేనే పట్టుకెళ్తున్నాను, తిట్టుకోకు. నిన్న నాగాయలంక కరకట్ట మీద గోతిలో పడ్డప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుమంది. కిందికి దూరి చూస్తే చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్ అరిగిపోయి, చక్రం చేత్తో ఊపితే ఊగుతోంది. కొత్తది తేవడానికి బస్సులో గుడివాడ వెళ్తున్నాను. రొయ్యల మేతకి ఆటో మాట్లాడాను, పదింటికి వస్తుంది.
– మహేష్

ఇంకో మాట. బండి చక్రం విరిగి కాలవలో పడి బావ పోయిన రోజు పొద్దున, "ఈ చప్పుడేంట్రా?" అని నన్నడిగాడు. "గతుకుల్లో ఏ బండైనా అంతే బావా, పోనీ" అన్నాను. రెండేళ్లుగా నీ చేతి అన్నం తింటూ నీకు చెప్పలేకపోయాను. నిన్న దారి పొడుగునా పక్క సీట్లోంచి బావ మళ్లీ అడుగుతున్నట్టే ఉంది. సాయంత్రం వచ్చాక నువ్వేమన్నా పడతాను.