మీ అమ్మ పూలెందుకు పెట్టుకోదంటే

మదురై,
శుక్రవారం ఉదయం.

చిరంజీవి ఇందుజకు నాయన ముద్దులతో రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వూ అల్లుడూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆ వాక్యం మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేశాను. నువ్వు క్షేమంగా లేవని నాకు తెలుసు. మీ అమ్మ క్షేమంగా లేదని నీకు తెలుసు. తెలిసి తెలిసి అబద్ధంతో ఎందుకు మొదలుపెట్టాలి? మా ఒళ్లు మటుకు బాగానే ఉన్నాయి. అంతవరకే రాస్తాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. ఫోన్ ఎత్తితే గొంతు రావడం లేదని, కాగితం మీదైతే రాయగలనని అన్నావు. మంచి పని చేశావు. అందులోని కొట్టివేతలు చూస్తే నీ పలక గుర్తొచ్చింది. కార్పొరేషన్ లైను ఇళ్లలో కుళాయి పక్క అరుగు మీద నిన్ను కూచోబెట్టుకుని అక్షరాలు దిద్దించేవాణ్ణి. నేనే ముప్పై దాటాక నేర్చుకున్న అక్షరాలవి. తాతముత్తాతల నుంచి ఇంట్లో మాట్లాడుకునే మాటను చదవలేకపోవడం అవమానమని వీధివీధినా ఉపన్యాసాలిచ్చాను. ఒక్కరూ నేర్చుకోలేదు. మీ అమ్మయితే, "అరవంలో రేషన్ కార్డు చదువుకుంటాను, అది చాలు. నీ సుడుల రాత నాకొద్దు," అని తేల్చేసింది. చివరికి మన రెండిళ్లలోనూ తెలుగు మాట్లాడనివాళ్లు లేరు, చదవగలిగింది మాత్రం మనమిద్దరమే.

నీ ఉత్తరం మంచం మీద ఉంటే మీ అమ్మ తీసి, అక్షరాల మీద నిదానంగా వేలు పోనిచ్చింది. "ఏం రాసుండాది?" అని అడిగింది. "బాగుండానని రాసింది," అన్నాను. ఆమె కాగితం మడిచి తలగడ కింద పెట్టుకుంది.

ముందు కంపెనీ సంగతి. కాన్పయిన పదో రోజే సూపర్‌వైజర్ ఫోన్ చేసి, "బిడ్డే లేదు గదమ్మా, ఇంట్లో కూచోని ఏం చేస్తావు, వచ్చేయ్," అన్నాడని రాశావు.  నెలలు నిండేదాకా మోసి, నొప్పులు పడి కన్నావు. బిడ్డ ఏడిస్తేనే తల్లి ఒళ్లు పచ్చిపుండవుతుందా? కాన్పుకు సెలవు అని చట్టంలో ఉంది గానీ, బిడ్డ బతికితేనే సెలవు అని ఎక్కడా లేదు. ఇది నాకు వదిలెయ్. తిరుప్పూరు యూనియన్‌తో మాట్లాడాను, సోమవారం ఇద్దరు వెళ్తారు. అంతదాకా ఆ ఫోన్ ఎత్తకు.

వయసుంది, మళ్లీ పుడతారు అంటున్నవాళ్ల గురించి అడిగావు, ఏం జవాబు చెప్పాలని. తండ్రి పోయినవాడి దగ్గరికెళ్లి, మీ అమ్మకింకా వయసుందిలే అని వాళ్లు అంటారేమో అడుగు. నా మాటగానే అడుగు. నీకు చెడ్డపేరు వద్దు, నాకెలాగూ ఉంది.

ఇక నువ్వు సిగ్గుపడుతూ రాసిన ప్రశ్న. పాలు ఆగడం లేదని, రొమ్ములు రాయిలా ఉన్నాయని, పక్కింటి జెబమలర్ మల్లెపూలు తెచ్చి, "కట్టుకో పాపా, రెండు దినాల్లో అణిగిపోతాది," అందని రాశావు. ఆ తర్వాత ఈ వాక్యం: "నాయనా, నువ్వయితే మూఢనమ్మకం అంటావని, నిన్నడిగి చెప్తానని ఆ అక్కను పంపించేశాను. అమ్మను కూడా రావద్దను. నాకెవరూ వద్దు."

అక్కడ నీ ఉత్తరం పక్కన పెట్టాను. రెండు రోజులు మళ్లీ ముట్టలేదు. జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ నువ్వు నా పేరు చెప్పి తలుపు వేసుకున్నావు కాబట్టి, ఆ తలుపు సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

నీకు మీ అవ్వ, మా అమ్మ కరుప్పాయి ముసలితనమే తెలుసు. నా చిన్నప్పుడు ఆమె పూలమార్కెట్ ఊడ్చేది. బేరాలు ముగిసేసరికి కాళ్ల కింద నలిగిన మల్లె, మరువం, కనకాంబరం మోకాలెత్తు పోగయ్యేవి. ఆ పోగు ఎత్తేవాళ్ల చేతుల గురించి నా మొదటి కరపత్రం రాశాను. ఆ వాసనంటే నాకు ప్రాణమని మాత్రం ఎక్కడా రాయలేదు. మా అమ్మ ఇంటికొస్తే చెమట, చీపురు, మల్లె మూడూ కలిసి గదంతా నిండేవి. పూలమ్మే మూకాయి రోజూ ఒక మూర తుంచి మా అమ్మ కొంగులో పడేసేది. మీ అమ్మ కొత్తకోడలిగా వచ్చిన ఏడు ఆ మూర ఆమెదే. విడిపూలు దొరికితే కాలి బొటనవేలికి అరటినార తగిలించి కట్టేది చూడు, మూకాయి కూడా నోరు తెరిచేది. తలలో పెట్టుకుని గుమ్మంలో నిలబడితే నాకు చేతిలోని పుస్తకం పేజీ తిప్పడం మరుపొచ్చేది. ఇవి నీకెప్పుడూ చెప్పలేదు.

నీకు తెలిసిన అమ్మ తల బోడిగా ఉంటుంది. మదురైలో పుట్టి మల్లె పెట్టుకోని ఆడదాన్ని నువ్వు మరొకర్ని చూసి ఉండవు. ఆరేళ్లప్పుడు అడిగావు, సెల్వి వాళ్లమ్మకు పూలుంటాయి, మా అమ్మకెందుకు లేవని. ఆడదానికి అలంకారం సంకెల అని నీకు అర్థం కాని ఉపన్యాసం ఇచ్చాను. అవ్వ దొంగతనంగా నీ జడలో పూలు తురిమి, నేనొచ్చే వేళకు తీసేసేది. నీ జుట్టులో వాసన నాకు తెలిసేది. ఏమీ అనేవాణ్ణి కాదు. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

నీకంటే ముందు మాకు ఒక ఆడపిల్ల పుట్టింది, ఇందుజా. ఊపిరి లేకుండా పుట్టింది. ఇరవై తొమ్మిదేళ్లయింది.

ఆసుపత్రి వరండాలో తెల్లగుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టారు. లోపల మీ అమ్మకు అటూ ఇటూ పిల్లల్ని పక్కలో వేసుకున్న బాలింతలు. "ఒకసారి చూపీ," అంది. "చూసేదానికి ఏం లేదు కన్నమ్మా," అన్నాను. ఆడది చూస్తే తట్టుకోలేదని మగవాళ్లందరూ అనుకునే మాటే నేనూ అనుకున్నాను. మగవాడి పెత్తనం మీద అప్పటికే రెండు కరపత్రాలు వేసినవాణ్ణి. ఆమె మళ్లీ అడగలేదు. నేను తీసుకుపోయాను.

మూడో రోజు, ఇంటికొచ్చాక, ఆమెకు పాలు పడ్డాయి. మధ్యాహ్నం మా అమ్మ, మూకాయి, మన లైను ఆడవాళ్లు అయిదారుగురు వచ్చారు. మూకాయి తట్టలో తడిగుడ్డ కప్పిన మల్లె మూరలు. రొమ్ములకు పూలు కట్టి, వాడగానే కొత్తవి మార్చి, పాలు ఇంకేదాకా తల్లి చుట్టూ కూచోవడం మన వీధి పద్ధతి. ఒకరు ఒప్పారి పాట ఎత్తుకుని ఏడుస్తారు, ఒకరు తల దువ్వుతారు, ఒకరు మొగుళ్ల మీద పరాచికాలాడి నవ్విస్తారు. నేను అప్పుడు మూఢనమ్మకాల మీద కరపత్రానికి ప్రూఫులు దిద్దుతున్నాను. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"పువ్వుకీ పాలకీ ఏం సంబంధం?" అన్నాను.

"నీ బుక్కులో పాలకి ఏం రాసుండారో చెప్పయ్యా, అదే చేస్తాము," అంది మూకాయి.

 జవాబు లేనప్పుడు గొంతు పెంచుతానని నీకు తెలుసు. తట్ట లాక్కుని పూలన్నీ మురుగుకాలవలో పోశాను. నా ఇంట్లో ఒప్పారీ గిప్పారీ వద్దు, అందరూ వెళ్లండి అన్నాను. మా అమ్మ కాలవ వైపు చూడలేదు.

"పూలొద్దంటే పూలు ఎత్తుకోని పోతాము రా పాండియా," అంది. "మమ్మల్ని ఎందుకు పొమ్మంటావు?"

వెళ్లిపోయారు. తలుపు వేశాను. లోపల మీ అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అయిదో రోజు జ్వరం, తర్వాత రొమ్ములో గడ్డ, దానికి కత్తి. ఆ తర్వాత ఆమె పువ్వు ముట్టలేదు.

నువ్వు పుట్టాక ఒక సభలో చెప్పాను: నా భార్య తలలో పూలు పెట్టుకోదు, ఒక్క కూతురు చాలని ఆగాం, మార్పు ఇంటి నుంచే మొదలవ్వాలి. చప్పట్లు కొట్టారు. మీ అమ్మ మూడో వరసలో నిన్ను ఒళ్లో పెట్టుకుని కూచుంది. ఇంటికొచ్చాక ఒక్కటే అడిగింది: "నేను పూలు పెట్టుకోనిది నీ కోసరమని ఎవురు చెప్పిరి?" ఎందుకు పెట్టుకోదో ఆ రోజే నాకు తెలిసింది. తెలిశాక కూడా ఆ మాట ఇరవై సభల్లో చెప్పాను.

చాలా ఏళ్ల తర్వాత మా యూనియన్ వైద్యశిబిరంలో ఒక నర్సమ్మను అడిగాను, ఎవరి గురించో అడిగినట్టు. మల్లెపూలు కడితే పాలు తగ్గుతాయని ఆసుపత్రిలోనే పరీక్షించి చూశారని చెప్పింది. హేతువాదమంటే అడిగి తెలుసుకోవడం. ఆ రోజు గుమ్మంలో నిజంగా అడిగింది మూకాయి, అడగనిది నేను. మా ఇద్దరిలో హేతువాది ఎవరో నువ్వే చెప్పు. సరే, పూలకు ఆ గుణం లేదనే అనుకుందాం. అయినా వాళ్లను పంపించే హక్కు నాకెక్కడిది? పది రోజులు ఆరుగురు మనుషులు మీ అమ్మ పక్కన కూచునేవాళ్లు. ఒక్కదాన్ని చేసి, దానికి నేను చైతన్యమని పేరు పెట్టాను.

కాబట్టి జెబమలర్‌ను పిలువు, తల్లీ. పూలు కట్టనీ. ఆమె ప్రార్థన చేస్తానంటే చేయనీ. నాకు ప్రార్థన మీద నమ్మకం లేదు, పక్కన కూచునే మనిషి మీద ఉంది. జ్వరం వచ్చినా, రొమ్ము ఎర్రబడి గడ్డ తగిలినా పూలతో ఆగకు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లు.

ఇక అల్లుడు సెంతిల్ మీద నీ కోపం. బాబును నీకు చూపించకుండా తీసుకెళ్లి పూడ్చాడు. ఎట్ల ఉండినాడు అని అడిగితే, "వేణాం ఇందూ, వద్దు," అని బయటికెళ్లి బండి తుడుస్తూ కూచుంటాడు. అల్లుణ్ణి తిట్టి రెండు పేజీలు రాశాను, చించేశాను. ఆ తిట్లన్నీ ఎవరికి తగులుతాయో చదివి చూసుకుంటే తెలిసింది. అతను చూశాడు, ఇందుజా. నీ బాబు ముక్కెలా ఉందో, జుట్టెంత ఉందో మీ ఇంట్లో తెలిసినవాడు అతనొక్కడే. ఆ బండి ఎన్నిసార్లు తుడిచినా అది పోదు. మళ్లీ అడుగు. పక్కన కూచుని అడుగు. కోపం రాకుండా అడగలేకపోతే కోపంతోనే అడుగు. మీ అమ్మలా ఒక్కసారి అడిగి ఊరుకోకు.

అమ్మకు నా మీద కోపమా, ఫోన్‌లో ఏడ్చి పెట్టేస్తోంది అని కదా నీ చివరి ప్రశ్న. కోపం లేదు. నువ్వు రావద్దన్నావని చెప్తే, "నన్నడిగితే నేను కూడా అట్లే చెప్పుంటాను," అంది. ఈ పొద్దున నేను లేచేసరికి ఇంట్లో లేదు. మూకాయి దగ్గరికి వెళ్లిందట. మూకాయికి ఇప్పుడు చూపు ఆనదు, గొంతుతోనే పోల్చుకుని, "ఎవురు, కన్నమ్మాళా? పూలకా? మీ ఆయన ఊళ్లో లేడా?" అని అడిగిందట. మీ అమ్మ వచ్చి నాకు చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను.

ఇప్పుడు నేనిది రాస్తుంటే ఎదురుగా కూచుని కడుతోంది. బొటనవేలికి అరటినార. ఇరవై తొమ్మిదేళ్లయినా చేతులు మరిచిపోలేదు. ఇంటి నిండా ఆ వాసన. "అంత మందంగా ఏం రాస్తుండావు? బిడ్డతో కూడా పోరాటమేనా?" అంటోంది. పదింటి బస్సుకు ఆమెను ఆరప్పాళయం బస్టాండులో ఎక్కిస్తాను. ఈ ఉత్తరం నీ చేతికొచ్చిందంటే మీ అమ్మ నీ గుమ్మంలో ఉన్నట్టే. నువ్వు వద్దన్నా పంపిస్తున్నాను. లోపలికి పిలువు.

మిగిలింది ఒకటి. అది ఆమెకే చెప్పాలి. ఇందాక, "కన్నమ్మా," అన్నాను. "ఏం?" అని తలెత్తింది. "బస్సుకు టైమవుతోంది," అన్నాను. మైదానాల్లో మైకు లేకుండా మాట్లాడిన నోరు ఇది. అందుకే ఆమెకు రాని రాతలో రాసి, ఆమె చేతికే ఇచ్చి పంపుతున్నాను. పిరికితనమే. నీ దుఃఖం నీకుండగా నాది కూడా నీ చేతిలో పెడుతున్నాను, తిట్టుకో. కానీ చదివి వినిపించడానికి నువ్వు తప్ప ఎవరున్నారు?

ఆమెను ఎదురుగా కూచోబెట్టుకో. నీకు పూలు కడుతున్నప్పుడైనా సరే. ఇక్కడి నుంచి గట్టిగా చదువు.

కన్నమ్మా. నేను చూశాను. వైగై ఏటి గట్టు మీద మీ నాయన గుంట తవ్వుతా ఉంటే, తుమ్మచెట్టు కింద కూచుని గుడ్డ విప్పి చూశాను. మామ రెండుసార్లు పిలిచేదాకా చూస్తానే ఉన్నాను. జుట్టు ఒత్తుగా, తడిగా నుదుటికి అంటుకుని ఉండింది. చెవులు నావి, దొప్పలు. మిగతా ముఖమంతా నీదే. గడ్డం మీద నీ సొట్ట ఉండింది. కింది పెదవి కొంచెం ముందుకి, నువ్వు అలిగినప్పటి మాదిరి. కాళ్లు మా అమ్మవి, రెండో వేలు బొటనవేలి కన్నా పొడుగు. ఎడమ భుజం మీద కందిగింజంత మచ్చ. కుడి పిడికిలి మూసుకుని ఉండింది, బొటనవేలు లోపల దాచుకుని. విప్పబోయి, వద్దులే అని వదిలేశాను. నొప్పి పడిన ముఖం కాదు. నీకు ఊరట కోసరం రాయడం లేదు, నిజంగానే కాదు.

ఇప్పుడు అక్కడ గట్టు మీద రోడ్డు వేసినారు. బేస్తవారం బేస్తవారం యూనియన్ ఆఫీసుకని పోతానే, ఆ రోడ్డు చుట్టి పోతాను. నువ్వు తిరిగొచ్చినాక ఇద్దరం పోదాం. పేరు పెట్టలేదు. పెట్టాలనుంటే నువ్వే పెట్టు.

చూసేదానికి ఏం లేదన్నాను నీతో. అన్నీ ఉండినాయి, కన్నమ్మా.

ఇట్లు,
ఇద్దరు ఆడబిడ్డల నాయన.