కబేళా రంపం ముందు నిలబడేవారికి వేరే పాఠం కోరుతూ

ఉద్యోగ శిక్షణ పాఠ్యాల ఆమోద అధికారి గారి సముఖమునకు,
ఆస్ట్రేలియా, మధ్య క్వీన్స్‌లాండ్‌లోని కబేళాలో, మాంసం నుంచి ఎముకలు కోసి వేరుచేసే ఎముకల గదిలో పనిచేయు లూపే వైపులు అను నేను వ్రాసుకొను అర్జీ.

విషయం: కబేళా పనివారికి కంప్యూటర్ భద్రత పాఠం మార్పించుట గురించి.

అయ్యా,

1. నిరుడు కంపెనీ వారు మా అందరికీ కంప్యూటర్ దాడుల గురించి శిక్షణ ఇప్పించిరి. ఏ నైపుణ్యాలు నేర్పాలో తెలియుటకు ఆఫీసు ఉద్యోగాల ప్రకటనలను భాషా నమూనా అనే ఏఐ చేత చదివించి, ఆ పాఠములు దానితోనే వ్రాయించిరి. దొంగ మెయిలు గుర్తుపట్టుట, పాస్‌వర్డు మార్చుట నేర్చితిమి. మాకు మెయిలు లేదు. మాకున్నది రంపం.

2. మార్చిలో, రంపాలను నడిపే కంప్యూటర్లోకి బయటినుంచి ఎవరో జొరబడిరి. నా పినతండ్రి కొడుకు హానిటేలీ ఆగి ఉన్న రంపంలో చెయ్యి పెట్టి కొవ్వు గీకుచుండెను. అది దానంతటదే తిరిగినది. మోచేతి కింది భాగం మాంసంతో పాటు కొట్టుకుపోయినది. నెత్తురు ఆగుటకు ఏప్రాన్ తాడుతో వాడి జబ్బ బిగించి, ఛాతీ మీద మోకాలేసి తొక్కిపట్టితిని. నొప్పికి నా భుజం కరిచాడు. కరవనిచ్చాను.

3. విచారణలో మేనేజరు డన్‌స్టర్ గారు నాతో, "శిక్షణ పాసయ్యాడు కదమ్మా, అనుమానం రావద్దా?" అనిరి. హానిటేలీ తమ్ముడు సెమీసీ బల్ల మీదుగా దూకి ఆయన దవడ విరగ్గొట్టినాడు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు. అది తప్పే.

4. తదుపరి మా టీచరు కార్బెట్ గారు అదే ఏఐ తెరిచి, ఈసారి మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకొనిరి. ఎవరు ఎక్కడ నిలబడతారో, ఎందులో చెయ్యి పెడతారో చెప్పితిమి. యంత్రం అదుపు తప్పితే ముందుగా ఆఫీసుకు ఫోన్ చేయమని అది వ్రాసినది. "ఇది నమ్మితే ఇంకో చెయ్యి పోద్ది" అని టీచరు గారే కొట్టివేయించిరి. చివరికి తేలిన పాఠం ఇది: కరెంటు ఆపి, ఆ స్విచ్చికి ఎవరి తాళం వారు వేసుకున్నాకే చెయ్యి పెట్టాలి. యంత్రం మాట వినకుంటే ఎర్ర మీట నొక్కాలి, మనుషుల్ని వెనక్కి లాగాలి, ఆ తర్వాతే ఫోన్. అందరం చేసి చూసి నేర్చుకొంటిమి.

5. ఆగస్టులో మరల జొరబడిరి. కళేబరాలు వేలాడే కొక్కేల గొలుసు దానంతటదే ఉరికినది. మీట నొక్కి అందరినీ గోడవైపు తోసితిని. గొలుసు ఆగేలోగా ఒక ఎద్దు కళేబరం ఊడి, అంతకుముందు నేను నిలబడ్డ చోటే పడి గచ్చు పగిలినది. ఒక్కరికీ గీత పడలేదు.

6. ఆమోదానికి పంపిన ఆ కొత్త పాఠం ఆమోదిత నైపుణ్యాలలో లేదని తమ కార్యాలయం త్రిప్పి పంపినది. కొత్తవారికి మళ్ళీ మెయిలు పాఠమే చెబుతున్నారు. ఆఫీసు వారికి అది ఉంచండి, కాదనను. మాకు మా పని తెలిసిన పాఠం ఇప్పించండి.

కావున తమరు ఒక్కమారు ఎముకల గదికి విచ్చేసి, రంపం ఎదుట నిలబడి ఈ అర్జీని చిత్తగించవలెనని వేడుకొను

తమ విధేయురాలు,
లూపే వైపులు

తా.క.: కొత్తగా చేరిన మారిసెల్ అనే ఆమె నిన్న తాళం వేయకుండా రంపంలో చెయ్యి పెట్టబోయింది. జుట్టు పట్టుకుని వెనక్కి ఈడ్చాను. పడి పెదవి చిట్లింది. "నాకెవరూ చెప్పలేదక్కా" అని ఏడ్చింది. ఆమె కేసు పెడితే పెట్టనివ్వండి. మీ జవాబు వచ్చేదాకా నేను జుట్టు పట్టే లాగుతాను.