తుడవని నీడ

2 ఫిబ్రవరి

అటక కారుతోందని లొరైన్ నిచ్చెన వేసుకుని పైకెక్కింది. బకెట్ పెట్టి రావే అంటే, బకెట్ అక్కడ పెట్టి పెట్టెలు దింపింది. పసుపురంగు ప్లాస్టిక్ పెట్టెలు. అన్నీ మా అబ్బాయి ట్రెవర్ తీసిన ఫోటో స్లైడ్లే.

నాన్న ఉన్నన్నాళ్ళూ వీటిని దించనివ్వలేదు, ఇప్పుడాయన లేడు కదమ్మా, చూద్దామా అంది. నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. దాన్నే సరే అనుకుంది నా కూతురు.

ఒక్కో స్లైడు అట్ట మీద వాడి రాత. ఊరు, తేదీ, ఇంజను నంబరు. నాకు చదువు అంతంత మాత్రం. పదిహేనో ఏటే బిస్కట్ ఫ్యాక్టరీలో చేరిపోయాను. వాడి రాత మాత్రం ఏ చీకట్లోనైనా చదవగలను.

6 ఫిబ్రవరి

లొరైన్ ఆ స్లైడ్లన్నీ షాపులో ఇచ్చి, కంప్యూటర్ ఫోటోలుగా మార్పించి, నా టాబ్లెట్‌లో వేసింది. పాత రైళ్ళ ఫోటోలు పంచుకునే గ్రూపొకటి ఉందట. అందులో నన్ను చేర్చింది. అందరూ మగవాళ్ళే. అందరూ రిటైరైనవాళ్ళే. పొద్దున లేచి పళ్ళయినా తోముకుంటారో లేదో, ఫోటోలు మాత్రం పెట్టేస్తారు.

ట్రెవర్ తీసినదొకటి పెట్టాను. మంచులో గూడ్సు బండి. గంటలో పెద్ద గొడవ. ఇది ఆ ఊరు కాదు, చిమ్నీ చూడండి, పక్క ఊరు అన్నాడొకాయన. కళ్ళద్దాలు తుడుచుకో గురూ, నేనా చిమ్నీ కిందే పుట్టాను అన్నాడు గ్రాహం అనే ఇంకొకాయన. నవ్వొచ్చింది. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

తీసిందెవరు అని ఒకరు అడిగారు. మా అబ్బాయి అని రాశాను. ఇంకా తీస్తున్నాడా అన్నారు. లేదు అని రాశాను. అబద్ధమేం కాదు కదా.

9 ఫిబ్రవరి

పెట్టెలన్నీ చూశాను. ఒక్కదాంట్లోనూ వాడు లేడు. ఫోటో తీసేవాడు ఫోటోలో ఉండడు. ఇన్నేళ్ళూ ఈ సంగతి నాకు తట్టలేదు. ఇంట్లో ఉన్నవి రెండే. స్కూలు ఫోటో ఒకటి. మేనకోడలి పెళ్ళిలోది ఇంకొకటి, అందులో కేకు వెనక వాడి సగం మొహం.

అందుకని గ్రూపులో అడిగాను. ఆ రోజుల్లో ఆ స్టేషన్లలో మీరూ ఉన్నారు కదా. నారింజ, గోధుమరంగు చారల ఊలు టోపీ పెట్టుకున్న కుర్రాడు ఎవరి ఫోటోలోనైనా ఉన్నాడా? టోపీ మీద పెద్ద కుచ్చు ఉంటుంది. నేనే అల్లాను. ఆ కుచ్చు చూసి డ్రైవర్లు బండి ఆపేస్తార్రా అని మా ఆయన సిరిల్ వాణ్ణి ఏడిపించేవాడు.

జవాబులు మర్యాదగానే ఇచ్చారు. మేడమ్, మేం మనుషులు తప్పుకునేదాకా ఆగుతాం అన్నారు. అడ్డమొస్తే కేకలేస్తాం అన్నారు. ఇప్పుడైతే కంప్యూటర్లో తుడిచేస్తున్నామని ఒకాయన రాశాడు. దీపస్తంభాలు, చెత్తబుట్టలు, మనుషులు. ఆ వరసలోనే రాశాడు.

10 ఫిబ్రవరి

ఇది నేను ఎక్కడా రాయలేదు. ఈరోజు రాస్తాను.

84 నవంబరులో థార్న్‌బీ జంక్షన్ ప్లాట్‌ఫారం చివర రైలు తగిలి నా కొడుకు పోయాడు. ఇరవై మూడేళ్ళు. అంతకు పదిహేను రోజుల ముందే రైల్వే వర్క్‌షాపులో వాడి ఉద్యోగం తీసేశారు.

విచారణ జరిగింది. చూసినవాళ్ళెవరూ లేరన్నారు. డ్రైవరు ఎండ కళ్ళల్లో కొట్టిందన్నాడు. కెమెరా ముక్కలైంది, లోపలి ఫిల్ముకి వెలుగు తగిలి పాడైంది. పడ్డాడో దూకాడో చెప్పలేమని రాసి మూసేశారు.

వాళ్ళు చెప్పలేకపోయింది మా వీధి చెప్పేసింది. నేను బ్రెడ్ కొట్లోకి వెళ్తే మాటలు ఆగిపోయేవి. సిరిల్ రైళ్ళలో గార్డు. పట్టాల దగ్గర నిలబడితే రెండు వైపులా చూడరా అని వాడికి నేర్పింది ఆయనే. అంత్యక్రియలనాడు కోటు కూడా విప్పకుండా, అంత తెలిసినవాడు పొరపాటున పడడు బెరిల్ అన్నాడు. తర్వాత వాడి పేరు ఎత్తలేదు. పోయిన ఏప్రిల్‌లో ఆయనా పోయాడు. పోయేటప్పుడు కూడా ఎత్తలేదు.

నేను మాత్రం అడుగుతూనే ఉన్నాను. గిన్నెలు కడుగుతూ, బస్సు కోసం చూస్తూ. పడ్డావా నాన్నా, వెళ్ళిపోయావా.

14 ఫిబ్రవరి

గ్రూపులో ఏమీ పెట్టలేదు. వాన. బకెట్ రెండుసార్లు నిండింది.

17 ఫిబ్రవరి, మధ్యాహ్నం

గ్రూపులో డెస్మండ్ పార్జెటర్ అని ఒకాయన ఉన్నాడు. స్కూలు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. అందరికీ ఆయనంటే గౌరవం. ఆయన ఫోటోలు కడిగి బోర్లించిన కంచాల్లా ఉంటాయి, ఎక్కడా మరక ఉండదు.

ఈరోజు ఆయన థార్న్‌బీ జంక్షన్ పెట్టాడు. ఎదురుగట్టు మీద నుంచి తీసింది. ఈల ఇంజన్ల ఆఖరి రోజులు అని రాశాడు. ఈల వేస్తున్నట్టు కూస్తూ వెళ్ళే ఆ డీజిల్ ఇంజన్లంటే ట్రెవర్ ప్రాణం పెట్టేవాడు. కింద తేదీ ఉంది. ఆ తేదీ నాకెవరూ చెప్పక్కర్లేదు.

ఇంజను వస్తోంది. ప్లాట్‌ఫారం ఖాళీ.

అప్పుడు గ్రాహం రాశాడు. మాస్టారూ, మీ ప్లాట్‌ఫారం మీద దయ్యం తిరుగుతోంది, మనిషి లేడు, నీడ ఉంది అని. ఆ నీడ టికెట్ కొందా అని ఇంకొకాయన. నీడకి సగం టికెట్టే గురూ అని మరొకాయన. ఒకటే నవ్వులు. చాలాసేపటికి డెస్మండ్ ఒక్క ముక్క రాశాడు. ఎవరో కుర్రాడు అడ్డం నిలబడ్డాడు, తుడిచేశాను, నీడ మరిచాను.

వేళ్ళతో పెద్దది చేసి చూశాను. సాయంకాలపు ఎండ, పొడుగాటి నీడ. తల మీద గుండ్రంగా కుచ్చు.

17 ఫిబ్రవరి, సాయంత్రం

అది నేను కట్టిన కుచ్చే. అట్టముక్క మీద ఊలు చుట్టి కట్టాను. కత్తెర జారి ఒక పక్క ఎక్కువ కోసేశాను. నీడలోనూ ఆ పక్క తక్కువగానే ఉంది.

చేతులు పైకి ఉన్నాయి. మోచేతులు రెండు పక్కలా కూజా చెవుల్లా ఉన్నాయి. కెమెరా కంటికి పెట్టుకున్నట్టు ఉంది. మళ్ళీ చూస్తే, మొహం చేతుల్లో దాచుకున్నట్టు ఉంది. టీ చల్లారిపోయింది. రెండూ కనిపిస్తూనే ఉన్నాయి.

18 ఫిబ్రవరి

డెస్మండ్‌కి విడిగా రాశాను. ఆ కుర్రాడు మా ట్రెవర్ అని రాశాను. మీరు తుడవకముందు ఉన్న ఫోటో నాకు కావాలి, ఎలా ఉన్నా సరే అని రాసి, కింద నా ఇంటి అడ్రసు పెట్టాను. తప్పులుంటే లొరైన్ దిద్దుతానంది. వద్దన్నాను.

20 ఫిబ్రవరి

ఆ ఫోటో గ్రూపులో లేదు. డెస్మండూ లేడు. మాస్టారు అలిగాడోయ్, నీవల్లే గ్రాహం అని వాళ్ళలో వాళ్ళు ఆడిపోసుకుంటున్నారు.

లొరైన్‌కి కోపమొచ్చింది. ఇక వదిలెయ్యమ్మా అంది. ఒకవేళ అందులో వాడు మొహం దాచుకునే ఉంటే, అప్పుడేం చేస్తావు, ఇన్నాళ్ళూ సగం ఆశైనా ఉంది కదా అంది. దానికి అప్పుడు పదిహేడేళ్ళు. అన్న గురించి స్కూల్లో ఏమేం అన్నారో నాకు ఎన్నడూ చెప్పలేదు, నేను అడగలేదు.

సగం ఆశ అన్నం పెట్టదే అన్నాను. ఏడుస్తూ కారెక్కింది.

23 ఫిబ్రవరి

ఏ సంగతైనా సరే. వాడు ఎటు చూస్తున్నాడో నాకు తెలియాలి.

1 మార్చి

తలుపు కొడితే పోస్టు అనుకున్నాను. పొడుగాటి ముసలాయన. చేతికర్ర, మెడకి టై. మిసెస్ హాల్‌గార్త్, నేను పార్జెటర్‌ని అన్నాడు. సోఫా చివర కూర్చున్నాడు. కోటు విప్పలేదు, విప్పమని నేనూ అనలేదు. కెటిల్ పెట్టలేదు. నా గడప తొక్కిన మనిషికి టీ ఇవ్వనిది ఇదే మొదలు.

ఆ రోజు ఆయన స్కూలుకి జ్వరమని కబురు పెట్టి ఫోటోలకి వచ్చాడట. గట్టు మీద నుంచి ఇంజన్ని తీశాడట. కెమెరా దించేలోపే హారన్ వినిపించింది, తర్వాత ఇంకో చప్పుడు అన్నాడు. ఆ చప్పుడు ఎలాంటిదో చెప్పబోయి ఆగాడు. ఆనాడు వెంటనే కంచె దాటి వెళ్ళిపోయాడట. తర్వాత సంగతి పేపర్లో చదివాడట. సాక్ష్యానికి వెళ్తే ఉద్యోగం పోతుందనుకున్నాడు. చూసినవాళ్ళు ఇంకెవరో ఉంటారులే అనుకున్నాడు.

నువ్వు చూశావు కదయ్యా అన్నాను. చూశాను అన్నాడు.

మరి అది గ్రూపులో ఎందుకు పెట్టావన్నాను. మీ అబ్బాయి ఫోటోలు రోజూ చూస్తున్నానమ్మా, టోపీ గురించి మీరడిగిందీ చూశాను, అతన్ని తుడవడానికి చేతులొచ్చాయి, నీడ దగ్గర చెయ్యి ఆగిపోయింది, మరిచానని అబద్ధం రాశాను అన్నాడు.

జేబులోంచి చిన్న పొగాకు డబ్బా తీశాడు. అందులో, దూది మధ్య, స్లైడు.

వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుగుకి ఎత్తి పట్టుకున్నాను. పోస్టు స్టాంపు కన్నా కాస్త పెద్దది. లొరైన్ వదిలి వెళ్ళిన భూతద్దం పెట్టి చూశాను.

నా కొడుకు. చారల టోపీ. ప్లాట్‌ఫారం అంచున ముందుకి వంగి ఉన్నాడు. కెమెరా కంటికి ఉంది. కెమెరానే. ఎదురు లైను మీద వస్తున్న ఈల ఇంజన్ని తీస్తున్నాడు. మొహం కెమెరా వెనక ఉంది, నోరొక్కటే కనిపిస్తోంది. నాలుక కొస పెదవి పక్కన బయటికి ఉంది. నాకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చేటప్పుడు అలాగే పెట్టేవాడు.

వాడి వెనక, వాడు నిలబడ్డ వైపు లైను మీద, ఫోటో చివరి అంచున, గోరంత పసుపు మొహం. ఇంకో బండి ముందు భాగం. గ్రూపులో పెట్టినదాంట్లో ఆ అంచు కత్తిరించేశాడు.

ఈల ఇంజను కూతలో వెనక బండి చప్పుడు వినపడి ఉండదమ్మా, అతను సంతోషంగా ఉన్నాడు, నేను గట్టు మీద ఉంటే చెయ్యి కూడా ఊపాడు అన్నాడు డెస్మండ్.

నలభై ఏళ్ళు నువ్వు దీన్ని డబ్బాలో పెట్టుకున్నావు అన్నాను. అవునన్నాడు. వెళ్ళమన్నాను. వెళ్ళాడు. కర్ర మరిచిపోయాడు. గేటు దాకా వెళ్ళి ఇచ్చాను.

2 మార్చి

లొరైన్ చూసింది. చూసి వంటింటి నేల మీద కూలబడింది. తర్వాత లేచి, ఆ మనిషి పేరు గ్రూపులో పెడతాను, విచారణ మళ్ళీ తెరిపిస్తాను, చావుల మీద విచారణ చేసే కొరోనర్‌కి రాస్తాను అంది. కొరోనర్‌కి రాయి, గ్రూపు సంగతి వద్దు అన్నాను. ఎందుకు వదలాలి అంది. నాకూ తెలీదు. ఆయన పేరు పెడితే వాళ్ళు మాట్లాడుకునేది ఆయన గురించి. మళ్ళీ ట్రెవర్ పక్కకి పోతాడు.

ఇద్దరం సిరిల్ సమాధి దగ్గరికి వెళ్ళాం. గాలి. నువ్వు నేర్పింది మరవలేదు సిరిల్, ఒక్కసారి ఒక వైపే చూశాడు, అంతే అన్నాను. రాయికి చెబితే ఏమొస్తుంది. ఆయనకి చెవులున్న రోజుల్లో ఈ స్లైడు ఇక్కడికి పది మైళ్ళ దూరంలో, దూది మధ్య ఉంది. కొడుకు తనని వదిలి వెళ్ళాడనుకునే పోయాడు మా ఆయన. దాన్ని ఇక ఎవరూ దిద్దలేరు.

స్లైడు సంచిలోనే ఉంచాను. బయటికి తీయలేదు. వాన పడుతోంది.

5 మార్చి

నిద్ర పట్టింది. లేచాక ఏడుపొచ్చింది. పడ్డావా, వెళ్ళావా అని అడగడానికి నోరు తెరిచి, అక్కర్లేదని గుర్తొచ్చింది. ఇప్పుడు వాణ్ణి ఏమడగాలో తెలియలేదు.

9 మార్చి

రోజూ భూతద్దం పెట్టి చూస్తున్నాను. వాణ్ణే చూద్దామని కూర్చుంటాను. కన్ను వెనక అంచుకి పోతుంది.

డెస్మండ్‌కి ఫోన్ చేశాను. గొంతు విని భయపడ్డాడు. చెరపడం మీకు బాగా వచ్చు కదా, నాకొక పని చేసి పెట్టండి అన్నాను. ట్రెవర్ని తిరిగి పెట్టాలి, అంచు కత్తిరించకూడదు, ఇంకొకటి తుడవాలి అన్నాను. ఏది తుడవాలో చెప్పాను.

మిసెస్ హాల్‌గార్త్, అలాంటిది గ్రూపులో పెట్టనివ్వరు, జరిగింది జరిగినట్టు ఉండాలంటారు అన్నాడు. గ్రూపుకి కాదన్నాను. సరే అన్నాడు. ఫోను పెట్టేసే ముందు, ఈసారి వస్తే టీ ఇస్తానని నా నోటి నుంచి వచ్చింది. అనాలని అనుకోలేదు.

26 మార్చి

డెస్మండ్ పంపాడు.

టోపీ ఉంది. నాలుక కొస ఉంది. నీడ ఉంది, దానికి మనిషి ఉన్నాడు. ఈల ఇంజను వస్తోంది.

వెనక లైను ఖాళీ. పొద్దుటి నుంచి చూస్తున్నాను. ఏదీ రావడం లేదు.