తాతయ్య తాగిన పులిసిన ద్రాక్షరసం

రేపల్లె, 12-3-87

చి. రూతుకు, ఇద్దరం బతికే ఉన్నాం, ముందు కంగారుపడకుండా చదువు.

పాస్టరమ్మగారు గుడిలో ప్రభురాత్రి భోజన సంస్కారానికి తీసిన ద్రాక్షరసం మిగిలితే, పెరుగుతేట కలిపి పులియబెట్టి మీ తాతయ్యకు సీసాడు పంపింది. "అందులో సూక్ష్మజీవులు తీపంతా తినేస్తాయండి, షుగరున్నవాళ్లు అన్నం తిన్నాక తాగొచ్చంట" అంది. గుడి నుంచి వచ్చిన సీసా కదా అని ఈయన నిన్న భోజనం కాగానే రెండు గ్లాసులు తాగారు. తర్వాత మూత్రం నీలం మందులో కాచి చూస్తే ఇటుక రంగు, అంటే షుగరు నిండా ఉన్నట్టే! ఆ సూక్ష్మజీవులు కూడా శ్రమకాలపు ఉపవాసంలో ఉన్నట్టున్నాయి.

నేను కేకలేస్తే "ఊరుకోవే" అన్నారు. అటు తిరగ్గానే ఇన్సులిన్ ఇంకోసారి పొడుచుకున్నారు. సాయంత్రం ప్రార్థనలో చెమటలు పట్టి, మాట ముద్దయి, నన్ను చూసి "ఎవరండీ మీరు?" అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో నన్ను అండీ అనడం అదే మొదలు. నవ్వు రాలేదే. పంచదార నీళ్లు పట్టాక మనిషయ్యారు.

ఇవాళ సూది నా దగ్గరే పెట్టుకున్నాను, ఇంకా వెయ్యలేదు. వెయ్యకపోతే షుగరు పెరుగుతుంది, వేస్తే మళ్లీ పడిపోతారేమో. డాక్టరుగారికి చెబుదామంటే పాస్టరమ్మగారికి మాటొస్తుందట. సంస్కారపు రసం పారబొయ్యకూడదట, మిగతాది తాగేస్తానంటున్నారు. బియ్యం డబ్బాలో దాచాను, వెతుకుతున్నారు.

మీ అమ్మ నడుంనొప్పి తగ్గిందా? ఆవకాయ జాడీ తిరిగి పంపమను. నర్సువి, నీ మాటైతే వింటారు. శనివారం బాపట్లలో మొదటి బస్సెక్కు.

నిన్ను ప్రభువు చల్లగా చూస్తాడు. ఈయన్ని చూడ్డానికి మాత్రం నువ్వు రావాలి.

మీ అమ్మమ్మ