గాలి గొట్టంలో గంధం

తిరుపతి,
గురువారం.

ప్రసూనక్కకు,

నువ్వు అన్నం తినకుండా నగరి బస్సెక్కినప్పటి నుంచి నా ధ్యాసంతా నేను తయారుచేసి ఎగరేసిన ఆ చిన్న విమానం మీదే. అది ఎందుకు పడిందో తెలిసింది.

దాని పెట్రోలు ట్యాంకుకు రెండు సన్న గొట్టాలుంటాయి. ఒకటి ఇంజనుకు పెట్రోలు అందిస్తుంది, రెండోది ట్యాంకులోకి గాలి రానిస్తుంది. గాలి రాకపోతే పెట్రోలు కదలదు, ఇంజను ఆగిపోతుంది. నిన్న విప్పి చూస్తే గాలి గొట్టం మూతిలో గంధం గట్టిపడి ఉంది. ఆయుధపూజ నాడు ఎగరేసే ముందు జ్ఞానాంబత్త ముత్తైదువ చేత్తో పెట్టిన బొట్టు అది!

విమానం పడగానే ఆమె నిన్ను అందరి ముందూ ఏమన్నది? "మొగుడు పోయినామె ఎదురొస్తే యాడన్నా ఎగురుతాదా?" నాయన కూడా నోరెత్తలేదు. అందుకే ఆ గొట్టం తీసుకెళ్లి ఇద్దరికీ చూపించాను. "గంధం మంచిదే కదరా" అని గొణిగి అత్త వంటింట్లోకి పోయింది. నాయన మాత్రం "అక్కకు జాబు రాయి" అన్నాడు.

రెక్క అతికించాను. కొత్త గొట్టం వేసి, ఎవరి బొట్టూ అందకుండా మూతి కిందికి తిప్పాను. పెరట్లో ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఇంజను ఆగలేదు.

ఆదివారం పొద్దున కాలేజీ మైదానానికి రా. వెనకెక్కడో నిలబడొద్దు. నువ్వు ఎదురొస్తే గానీ నేను ఇంజను తిప్పను.

నీ తమ్ముడు