నత్తగారి ఫాస్ట్ ఛార్జర్లు

చిరంజీవి నత్తకి,

అక్క దీవెనలు. నువ్వు ఫోన్ ఎత్తడం లేదన్న ఒక్కటి తప్ప ఇక్కడ అంతా క్షేమం. పోర్టులో కరెంటు లారీలకి ఫాస్ట్ ఛార్జర్లు కొంటున్నారటగా, కొనేవాడివి నువ్వేనటగా! ఇప్పుడున్న వాటితో లారీ నిండటానికి మూడు గంటలు. ఆ మూడు గంటలూ డ్రైవర్లు నా క్యాంటీను బల్లల మీదే ఉంటారు. అరగంటలో నింపి పంపేస్తే నేను ఈగలు తోలుకోవాలి. నెమ్మదివే కొను నాయనా. పళ్ళెం ముందు గంటసేపు కూర్చునే నీకు ఈ తొందరేమిట్రా?

నీ అక్క

తా.క. స్విచ్ వెయ్యాలంటే భయపడి నన్ను కేకేసేవాడివి. నీకు కరెంటు సామాను అప్పజెప్పిన వాళ్ళ ధైర్యానికి ఓ దణ్ణం.

*

క్యాంటీను యజమానురాలు గారికి,

అక్కా, నమస్కారం. టెండరు ముగిసేదాకా, దాంతో లాభనష్టాలున్న ఎవరితోనూ నేను ఫోన్లో మాట్లాడకూడదు. ఏదున్నా రాతపూర్వకంగానే. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ పోటీలో ఉన్న ఏడు కంపెనీలకీ పంపాలి. నీదీ పంపాను. 'నత్త' ఏ రకం పరికరమని ఒకాయన అడిగాడు.

కొనుగోలు అధికారి

తా.క. తాజా కలం కూడా పంపాల్సివచ్చింది. నిన్న మీటింగులో నేను లైటు వెయ్యబోతే ఏడుగురూ లేచి "మేం వేస్తాం సార్" అన్నారు.

*

ఒరేయ్ నత్తా,

ఇంటి గుట్టు ఏడు కంపెనీలకి పంచిపెట్టావా! సరే, ఇదీ పంపు.

నాయనలారా, మా లారీలకి ప్లగ్గు ఎడమవైపు ఉంటుంది. పాత ఛార్జర్లు కుడివైపు పాతారు. డ్రైవర్లు లారీని ముందుకీ వెనక్కీ తిప్పలేక చస్తున్నారు. ఇక్కడి ఉప్పుగాలికి నా కొత్త స్టవ్వు మూడు నెలల్లో తుప్పు పట్టింది. మీ డబ్బాల గతీ అంతే. ఇటు రాకండి.

వీడి అక్క

తా.క. వీడికి వేడి టీ ఇవ్వకండి. ఊదుతూ కూర్చుంటాడు, మీ గడువు దాటిపోతుంది.

*

అక్కకి,

కొంప ముంచావు. ఒక్కరూ పారిపోలేదు. అందరూ ఎడమవైపుకి మార్చి, తుప్పు పట్టని డబ్బాలతో మళ్ళీ టెండర్లు వేశారు. ఆర్నెల్లు కూర్చుని నేను రాసిన నివేదికలో ప్లగ్గు ఏ వైపుందో లేదని మా పెద్దసారు పట్టుకున్నారు. పైగా సొంత అక్కకి సంబంధమున్న చోట నేనుండకూడదని కొనుగోలు కమిటీలోంచి తీసేశారు.

నీ క్యాంటీను ఏమైపోతుందోనని నాకూ బెంగగానే ఉంది అక్కా. అలాగని నెమ్మదివి కొనలేను కదా. నా చోటికి ఎవరొస్తారో తెలీదు.

నీ తమ్ముడు

తా.క. వచ్చేవాళ్ళకైనా కాస్త మర్యాదగా రాయి.

*

గౌరవనీయులైన మాజీ సభ్యుడు గారికి,

మీ ఉత్తరం అందినది. మీ చోట నన్ను వేశారు. "తన నష్టాన్ని ఇంత గట్టిగా అరిచి చెప్పినావిడ దొంగమాట చెప్పదు" అన్నారట మీ పెద్దసారు.

ఎలాంటివి కావాలని నిన్న డ్రైవర్లనే అడిగాను. నెమ్మదివే అంటారని నా ధీమా. ఒక డ్రైవరమ్మ నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నీ వంట బాగుంటుంది. కానీ ఒక్కపూటైనా ఇంటికెళ్ళి పిల్లలతో తినాలనుంది" అంది. సిగ్గేసింది రా. ఇన్నాళ్ళూ నా వంట కోసమే కూర్చున్నారనుకున్నాను.

ఫాస్ట్‌వే కొనమని సంతకం పెట్టాను. ఇరవై అయిదు నిమిషాల్లో లారీ నిండాలి. ఈలోగా తినాలనుకున్నవాళ్ళు నా దగ్గర తినొచ్చు. ఎవరికైనా ఆ టైము చాలు, నీకు తప్ప.

కమిటీ సభ్యురాలు

తా.క. భోజనానికి వచ్చెయ్యి, దానికి రూలు అడ్డు రాదట, కనుక్కున్నాను. ఫోన్ మాత్రం చెయ్యకు. ఏదున్నా రాతపూర్వకంగానే. ఏడు కంపెనీలకీ నేను పంపుతాను.